శుక్రవారం సైన్ ఆఫ్, గురువారం పని మొదలు

ప్రశ్న: మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు. నాలుగు దశలు. డిజైన్ షికాగో టీమ్‌ది, డెవలప్‌మెంట్ సింగపూర్ టీమ్‌ది, టెస్టింగ్ లండన్‌లో మాది, చివర రిలీజ్ అందరిదీ. నేను లండన్‌లో ఉండి మొత్తం చూసుకుంటున్నాను. మొదటి దశ గేటు (ఆ దశ పూర్తయిందని ఆమోదించి ముందుకు వెళ్ళే ఘట్టం) జనవరి 16, శుక్రవారం, షికాగో సాయంత్రం 4 గంటల కాల్‌లో అందరి ఆమోదంతో దాటాం. తీరా చూస్తే సింగపూర్‌లో పని మొదలైంది తర్వాతి గురువారం. అడిగితే షికాగో వాళ్ళు ‘మేం ఇచ్చేశాం’ అంటారు, సింగపూర్ వాళ్ళు ‘మాకు పూర్తిగా అందలేదు’ అంటారు. మధ్యలో నడిచినవి మూడు మెయిళ్ళు: స్క్రీన్ డిజైన్ ఫైలు పాత వెర్షన్ అని ఒకటి, టెస్ట్ డేటా ఫోల్డర్ తెరుచుకోవడం లేదని ఒకటి, రద్దు చేసిన బిల్లుకు పన్ను ఎలా లెక్కించాలని ఒకటి. రెండో దశ గేటు 2026 మార్చి 13, శుక్రవారం పెట్టుకున్నాం. మా డైరెక్టర్ రోజూ మూడు టీమ్‌లకూ కలిపి కాల్ పెట్టమంటున్నారు. పెట్టాలా? ప్లాన్‌లో ఎంత బఫర్ (ఆలస్యాలకని ముందే ఉంచే అదనపు సమయం) ఉంచాలి? తేదీలు ఇలా జారిపోకుండా ఏం చేయాలి?

సమాధానం: రోజూ కాల్ పెట్టకండి. మీరు మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం కాదిది. గేటుకు ముందు రావాల్సిన ప్రశ్నలు గేటు దాటాక వచ్చాయి, అదీ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆ వారంలో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు కూడా. మరి రోజులెక్కడికి పోయాయో గడియారం పక్కన పెట్టుకుని చూద్దాం.

షికాగోలో శుక్రవారం సాయంత్రం 4 అంటే లండన్‌లో రాత్రి 10, సింగపూర్‌లో శనివారం పొద్దున 6. అంటే సింగపూర్ లీడ్ సెలవు రోజు తెల్లవారుజామున ఫోన్‌లో ‘సరే’ అన్నారు. ఫైళ్ళు తెరిచి చూసి అన్న మాట కాదది. తెరిచింది సోమవారం 9 గంటలకు. అప్పటికి షికాగోలో ఇంకా ఆదివారం సాయంత్రం 7. డిజైన్ ఫైలు పాతదని తేలింది, మెయిల్ వెళ్ళింది. షికాగో ఆఫీసు సోమవారం 9కి తెరిచేసరికి సింగపూర్‌లో రాత్రి 11. కొత్త ఫైలు పంపారు. మంగళవారం పొద్దున దాన్ని తెరిచి, తర్వాతి మెట్టుకు వెళ్తే టెస్ట్ డేటా ఫోల్డర్‌కి పర్మిషన్ లేదు. మళ్ళీ మెయిల్, మళ్ళీ ఒక రాత్రి. బుధవారం ఫోల్డర్ తెరుచుకుంది, పన్ను ప్రశ్న వచ్చింది. దానికి జవాబు అందేసరికి గురువారం.

మూడు జవాబులకూ కలిపి గంట పట్టి ఉండదు. పోయినవి మాత్రం మూడు పనిదినాలు. ఆ రెండు టీమ్‌ల మధ్య ఒక రౌండు ప్రశ్న-జవాబుకు ఒక రోజు ఖర్చవుతుంది. ప్రశ్న చిన్నదైనా పెద్దదైనా అదే ఖర్చు, ఒకేసారి పది అడిగినా అదే. ఆ మూడూ సోమవారమే ఒకే మెయిల్‌లో వెళ్ళి ఉంటే పని మంగళవారం మొదలయ్యేది. గేటుకు ముందు వారమే వచ్చి ఉంటే సోమవారమే మొదలయ్యేది. కాబట్టి మీ ప్లాన్‌లో మీరు లెక్కపెట్టాల్సింది గంటల్ని కాదు, రౌండ్లని. సింగపూర్, షికాగోల మధ్య వారానికి దక్కేవి ఐదే రౌండ్లు. వాటిలో శుక్రవారం అడిగినదానికి జవాబు సింగపూర్ వాళ్ళ కంటబడేది సోమవారమే.

మూడు చోట్లా 9 నుంచి 6 వరకు ఆఫీసు అనుకుంటే, చలికాలంలో మీ పరిస్థితి ఇది. సింగపూర్ పని వేళలు యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రమాణ సమయంలో) 01:00 నుంచి 10:00, లండన్ 09:00 నుంచి 18:00, షికాగో 15:00 నుంచి 24:00. సింగపూర్-లండన్‌లకు కలిసొచ్చేది ఒక గంట. లండన్-షికాగోలకు మూడు గంటలు. సింగపూర్-షికాగోలకు సున్నా. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. షికాగో సాయంత్రం 6కి మూసే వేళకు సింగపూర్‌లో మర్నాడు పొద్దున 8. మధ్యలో ఉన్నది ఒక్క గంట. సింగపూర్ నుంచి ఒకరు గంట ముందొచ్చి, షికాగో నుంచి ఒకరు అరగంట ఆగితే ఎవరి నిద్రా చెడకుండా మాట్లాడుకోవచ్చు. షికాగో సోమవారం నుంచి గురువారం దాకా ఏ సాయంత్రమైనా ఇది కుదురుతుంది. శుక్రవారం మాత్రం కుదరదు, సింగపూర్‌కి అప్పటికే శనివారం. వేసవిలో షికాగో గడియారం గంట ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ఎడం రెండు గంటలవుతుంది.

ఇక గేటు. మీ గేటు ఒక మీటింగ్‌గా నడిచింది. దూరపు టీమ్‌ల మధ్య గేటు మీటింగ్‌లో తేలకూడదు, అందుకునే టీమ్ చేసే పరిశీలనలో తేలాలి. ఇచ్చేవాళ్ళకు తమ పని ఎప్పుడూ పూర్తయినట్టే కనిపిస్తుంది. ఫోల్డర్ వాళ్ళ లాగిన్‌తో తెరుచుకుంటుంది, ఏ ఫైలు కొత్తదో వాళ్ళకు గుర్తుంటుంది, రాయని నిర్ణయాలు బుర్రలో ఉంటాయి. కాబట్టి ‘పూర్తయింది’ అనే మాట అందుకునేవాళ్ళ నోటి నుంచి రావాలి.

రెండో గేటుకు దీన్ని తేదీలతో చెబుతాను. మార్చి 13 శుక్రవారాన్ని వదిలి, మార్చి 17 మంగళవారానికి మార్చండి. ఆలస్యమైందని డైరెక్టర్ అనవచ్చు. శుక్రవారం సంతకం పెట్టినా మీ టెస్టర్లు పని ఎత్తుకునేది సోమవారమే, కాబట్టి మీరు నిజంగా వదులుకుంటున్నది ఒక్క రోజు. బదులుగా ఆ వారంలో గేటు తర్వాత మూడు పనిదినాలు మిగులుతాయి, ఏదైనా తేడా వస్తే అదే వారంలో సర్దుకోవచ్చు. మార్చి 10 మంగళవారం సాయంత్రానికి సింగపూర్ టీమ్ హ్యాండోవర్ ప్యాకెట్ (తర్వాతి టీమ్‌కు అప్పగించేవన్నీ ఒక్కచోట చేర్చినది) పెట్టేయాలి. పని అప్పటికి తొంభై శాతమే అయినా సరే, ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. 11, 12 తేదీల్లో లండన్ నుంచి ఇద్దరు టెస్టర్లు, మీరు కాదు, రేపు పని చేయబోయేవాళ్ళే, తమ సొంత లాగిన్‌లతో అన్నీ తెరిచి చూడాలి. బిల్డ్‌ను (నడపడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను) సూచనల ప్రకారం ఇన్‌స్టాల్ చేయాలి. ఒక బిల్లును సృష్టించడం దగ్గర్నుంచి రద్దు చేయడం దాకా ఒక్కసారి నడపాలి. మొదటి అడ్డంకి దగ్గర ఆగిపోకూడదు. దాన్ని రాసుకుని, పక్క నుంచి తర్వాతి అంశానికి వెళ్ళాలి. జనవరిలో మీకు మూడు రాత్రులు పోయింది సరిగ్గా ఇక్కడే: ఒకటి అడిగి, జవాబు వచ్చేదాకా మిగతావి తెరవలేదు. 12 సాయంత్రానికి అంతా ఒకే జాబితాగా సింగపూర్ వెళ్తుంది. 13న వాళ్ళ జవాబులు, సవరణలు. 16న లండన్‌లో రెండోసారి పరిశీలన. 17న సంతకం. ఆ రోజు ఎవరికీ కొత్త సంగతి ఏదీ తెలియకూడదు. తెలిసిందంటే పరిశీలన జరగలేదన్నమాట.

ప్యాకెట్‌లో ఏముండాలన్నది దశను బట్టి మారుతుంది. డెవలప్‌మెంట్ నుంచి టెస్టింగ్‌కి వెళ్ళేటప్పుడు తప్పించకూడనివి చెబుతాను: బిల్డ్ నంబరు, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, తెలిసిన బగ్‌ల జాబితా, డిజైన్ నుంచి ఎక్కడెక్కడ పక్కకు వెళ్ళారో దాని జాబితా, టెస్ట్ డేటా, లాగిన్‌లు, ప్రతి మాడ్యూల్‌కీ (సాఫ్ట్‌వేర్‌లోని ఒక్కో భాగానికీ) ఎవరిని అడగాలి, వాళ్ళు లేకపోతే ఎవరిని. చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. అడగాల్సిన మనిషి సెలవులో ఉంటే ఒక రోజు కాస్తా మూడు రోజులవుతుంది. లింకులు ‘లేటెస్ట్’ అన్న ఫోల్డర్‌కి ఇవ్వకండి. అది రోజూ మారుతుంది, సంతకం పెట్టింది దేనికో వారం తర్వాత ఎవరూ చెప్పలేరు. గేటు కోసం వేరే ఫోల్డర్ తీసి, తేదీ పేరుతో, ఎవరూ మార్చడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే ఉంచండి. పాత వెర్షన్ ఫైలు గొడవ దీంతోనే పోతుంది.

దశ ముగిసిందనడానికి పెట్టుకునే షరతులు అవును-కాదు అని తేలేలా ఉండాలి. ‘బిల్లింగ్ మాడ్యూల్ దాదాపు సిద్ధం’ అనేది షరతు కాదు, ఆశ. ‘బిల్డ్‌లో ఐదు రకాల బిల్లులూ సృష్టించవచ్చు, సవరించవచ్చు, రద్దు చేయవచ్చు, పని ఆపేసే స్థాయి బగ్ ఒక్కటీ లేదు, రెండో స్థాయి బగ్‌లు పదికి మించవు’ అంటే అది షరతు. మీరు నిద్రలో ఉన్నప్పుడు కూడా వేరేవాళ్ళు దాన్ని చూసి తేల్చుకోగలరు. మనిషి ఎదురుగా ఉంటే అస్పష్టమైన షరతును అడిగి తెలుసుకుంటాం. ఇక్కడ ప్రతి అస్పష్టతా ఒక రౌండు తినేస్తుంది.

సంతకాల సంగతి. ఒక గేటుకు నిర్ణయం తీసుకునేది ఒకరే కావాలి, వాళ్ళు అందుబాటులో లేకపోతే సంతకం పెట్టే అధికారం ఉన్న మరొకరి పేరు ముందే రాసి ఉండాలి. మిగతావాళ్ళు అభిప్రాయం చెప్పేవాళ్ళు. అందరి సంతకాలూ కావాలన్న చోట ఎవరూ నిజంగా చదవరు. పక్కవాళ్ళు చదివి ఉంటారులే అనుకుంటారు, ఎవరికి వారే యమునా తీరే అవుతుంది. ఒకవేళ మీ సంస్థ నిబంధనల వల్ల మూడు చోట్లా సంతకాలు తప్పనిసరైతే, సూర్యుడు వెళ్ళే దిక్కునే పంపండి. సింగపూర్‌లో మధ్యాహ్నం 3కి పెట్టిన సంతకం లండన్ వాళ్ళు ఆఫీసుకు వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది, వాళ్ళు మధ్యాహ్నం లోపు పెడితే షికాగో పొద్దునే చూస్తుంది. మూడూ ఒకే తేదీన అయిపోతాయి. అదే ఎదురు దిక్కున పంపితే షికాగో సోమవారం సాయంత్రం పెట్టింది లండన్‌కు మంగళవారం కనిపిస్తుంది, లండన్ మంగళవారం ఉదయం 10 దాటాక పెడితే సింగపూర్ బుధవారం చూస్తుంది. పని అదే, మనుషులు వాళ్ళే, వరస మారినందుకు రెండు రోజులు. అసలు వరసే లేకుండా, ఒకే పత్రం ముగ్గురికీ ఒకేసారి పంపి ఒకే గడువు పెట్టడం ఇంకా మేలు.

దశ మధ్యలో వచ్చే ప్రశ్నలను అడిగే తీరు మార్చాలి. పన్ను గురించి సింగపూర్ వాళ్ళు ‘రద్దయిన బిల్లుకు పన్ను ఎలా?’ అని మాత్రమే అడిగి ఉంటారు. అదే మెయిల్ ఇలా ఉండాల్సింది:

“రద్దయిన బిల్లుకు పన్ను గురించి డిజైన్‌లో లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, బిల్లు వేసిన రోజు రేటు. రెండు, రద్దు చేసిన రోజు రేటు. క్రెడిట్ నోట్ పాత బిల్లుకే ముడిపడి ఉంటుంది కాబట్టి మొదటిది అనుకుని పని మొదలుపెడుతున్నాం. కాదంటే షికాగో బుధవారం సాయంత్రం 5:30 లోపు (సింగపూర్ గురువారం పొద్దున 7:30, 2026-01-21, 23:30 యూటీసీ) చెప్పండి. ఆ తర్వాత మార్చాల్సి వస్తే ఒక రోజు పని పోతుంది. ఎవరు తేల్చాలి: డిజైన్ లీడ్, లేకపోతే వారి డిప్యూటీ.”

ఇలా రాస్తే జవాబు రాకపోయినా పని ఆగదు. జవాబు ‘సరే’ అన్న ఒక్క మాటతో సరిపోతుంది. తప్పయితే ఎంత నష్టమో ముందే తెలుసు. అయితే ఈ పద్ధతి వెనక్కి తీసుకోగల నిర్ణయాలకే. డేటా చెరిపేయడం, భద్రతా సెట్టింగులు, కస్టమర్‌కు పంపే బిల్లు రూపం, బయటి సంస్థకు డబ్బు కట్టాల్సిన విషయం, ఇలాంటివి ఊహ మీద నడపకూడదు. వాటికి ఒక రాత్రి ఆగడమే నయం, లేదా ఇందాక చెప్పిన సాయంత్రం 6, పొద్దున 8 వేళను వాడుకోవాలి. ఏ రకం నిర్ణయం ఏ కోవలోకి వస్తుందో ఒక అరపేజీలో రాసి మూడు టీమ్‌లకూ ఇవ్వండి. రాసి ఇవ్వకపోతే జాగ్రత్తపరులు అన్నిటికీ ఆగుతారు, దూకుడుగా ఉండేవాళ్ళు దేనికీ ఆగరు.

షరతులతో గేటు దాటించడం గురించి మీరు అడగలేదు కానీ మార్చిలో ఆ ఒత్తిడి మీ మీదకు తప్పక వస్తుంది. ‘రెండు చిన్న పనులే మిగిలాయి, దాటేద్దాం’ అంటారు. దాటవచ్చు. ప్రతి మిగిలిన పనికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ, ఆ తేదీకి కాకపోతే ఏమవుతుందన్న వాక్యం ఉండాలి. ఆ మూడో వాక్యమే అసలు కీలకం: ‘పన్ను మాడ్యూల్ మార్చి 20కి రాకపోతే పన్ను టెస్టింగ్ ఆగుతుంది, అది ఎన్ని రోజులు ఆలస్యమైతే మూడో దశ ముగింపూ అన్ని రోజులు ఆలస్యమవుతుంది.’ ఇలా రాయడానికి ఎవరైనా ఇబ్బంది పడుతున్నారంటే అది చిన్న పని కాదు. సంఖ్యకూ హద్దు పెట్టండి, మూడు దాటితే గేటు దాటనట్టే. ఎందుకంటే ఒకే చోట ఉన్న టీమ్‌లో మిగిలిన పనుల్ని ఎవరో ఒకరు నడవాలో పట్టుకుని గుర్తుచేస్తారు. మీ దగ్గర ఆ నడవా లేదు.

బఫర్ ఎంత అన్నారు. పని మీద శాతం వేసి చెప్పడం మీ విషయంలో పనికిరాదు. ఆలస్యం పని పరిమాణాన్ని బట్టి రావడం లేదు, చేతులు మారే చోట వస్తోంది. కాబట్టి బఫర్‌నూ అక్కడే పెట్టండి. పని వేళలు కలవని జంట మొదటిసారి చేతులు మార్చుకుంటుంటే మూడు పనిదినాలు, ఒక గంట కలిసే జంటకు రెండు రోజులు, మూడు గంటలు కలిసే జంటకు ఒక రోజు. ఇది ఆరంభానికి ఒక అంచనా మాత్రమే. ఆ తర్వాత మీ సొంత లెక్కలే దారి చూపిస్తాయి. దాన్ని ప్లాన్‌లో ‘హ్యాండోవర్’ అని విడి వరసగా, మీ పేరుతో పెట్టండి. ఒక్కో పనిలో అరరోజు చొప్పున దాచిపెడితే ఆ సమయం పనిలోనే కరిగిపోతుంది, తీరా చేతులు మారే రోజున చేతిలో ఏమీ ఉండదు. ఆ హ్యాండోవర్ రోజుల్లో అందుకునే టీమ్ ఖాళీగా ఉండనక్కర్లేదు. రావాల్సిన జవాబుల మీద ఆధారపడని పని, టెస్ట్ కేసులు రాయడమో సర్వర్లు సిద్ధం చేయడమో, ముందే వేరుచేసి పెట్టుకోండి.

తేదీలు, వేళలు రాయడంలో జరిగే పొరపాట్లు చిన్నవిగా కనిపిస్తాయి కానీ ఒక్కోటి ఒక రోజు మింగుతుంది. 03/04/2026 అంటే షికాగోలో మార్చి 4, లండన్‌లో ఏప్రిల్ 3. 2026-03-04 అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ‘శుక్రవారం అర్ధరాత్రి’ అంటే శుక్రవారం మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసేదా? అర్ధరాత్రిని గడువుగా పెట్టనే వద్దు. ‘రోజు ముగిసేలోపు’ అన్న మాట కూడా నిషేధించండి, ఎవరి రోజు? ‘సీఎస్‌టీ’ అని రాయకండి; షికాగో వాళ్ళకు అది తమ చలికాలపు సమయం, చైనా సమయానికీ అవే అక్షరాలు వాడతారు. ఊరి పేరు రాసి పక్కన యూటీసీ వేయండి, చాలు.

మీ రెండో గేటు పడింది మరీ చిక్కు వారాల్లో. 2026లో అమెరికా గడియారాలు మార్చి 8న ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో మార్చి 29న. సింగపూర్‌లో ఎప్పుడూ మారవు. ఆ మూడు వారాలూ లండన్-షికాగోల తేడా ఆరు గంటలు కాదు, ఐదే. లండన్ మధ్యాహ్నం 3కి అని పెట్టిన వారపు కాల్ షికాగోలో 9కి బదులు 10కి పడుతుంది. షికాగో 9కి అని పెట్టినదైతే లండన్‌లో 2కే వచ్చేస్తుంది. ఒకరు అరగంట ఎదురుచూసి వెళ్ళిపోయాక రెండోవాళ్ళు వస్తారు. మార్చి 29 తర్వాత ఈ తేడా మళ్ళీ ఆరవుతుంది, ఈసారి లండన్-సింగపూర్‌లది ఎనిమిది నుంచి ఏడుకు తగ్గుతుంది. దానివల్ల మీకు లాభమే, కలిసొచ్చే గంట రెండవుతుంది. శరదృతువులో ఇంకో వారం ఉంది: బ్రిటన్ అక్టోబరు 25న వెనక్కి వెళ్తుంది, అమెరికా నవంబరు 1న. ఈ తేదీలను సెలవులతో పాటు ప్రాజెక్టు క్యాలెండర్‌లో ఎక్కించండి. మళ్ళీ మళ్ళీ జరిగే కాల్స్‌ను ఒక ఊరి సమయానికి కట్టేయండి, అది ఏ ఊరో ఆహ్వానంలో రాయండి. గడువులు, లాగ్‌లు, రిలీజ్ వేళలు మాత్రం యూటీసీలో.

మూడో దశలో ఈ దూరమే మీకు కలిసొస్తుంది. లండన్ టెస్టర్ సాయంత్రం 4కి బగ్ రాస్తే సింగపూర్ టీమ్ రాత్రంతా, అంటే వాళ్ళ పగలంతా, సరిచేసి లండన్ 9కి తెరిచేసరికి కొత్త బిల్డ్ పెట్టవచ్చు. ఒకే ఊళ్ళో ఉన్నా ఇంత తొందరగా కాదు. కానీ ఇది బగ్ రిపోర్టు నాణ్యత మీద నిలబడి ఉంది. ‘బిల్లు మొత్తం తప్పు వస్తోంది’ అని రాస్తే మర్నాడు పొద్దున మీకు అందేది సవరణ కాదు, ‘ఏ బిల్లు?’ అన్న ప్రశ్న. బిల్డ్ నంబరు, వాడిన లాగిన్ రకం, బిల్లు నంబరు, వరసగా చేసిన పనులు, రావాల్సిన మొత్తం, వచ్చిన మొత్తం, యూటీసీ సమయంతో లాగ్, వీలైతే నిమిషం లోపు స్క్రీన్ రికార్డింగ్: ఇవి లేని రిపోర్టును టూల్ సేవ్ చేయనివ్వకుండా పెట్టండి. సాయంత్రం వెళ్ళబోయే ముందు లండన్ టీమ్‌లో ఒకరు ఆ రోజు రిపోర్టుల్ని సింగపూర్ కళ్ళతో ఒకసారి చదవాలి. ఇరవై నిమిషాల పని. అలాగే రాత్రికి ఏది ముందు సరిచేయాలో వరస రాసి పంపండి. లేకపోతే వాళ్ళు తేలికైనవి ముందు ఎత్తుకుంటారు, మీ టెస్టింగ్‌ను ఆపేసిన బగ్ అలాగే ఉంటుంది. ఇదే ఉత్సాహంతో డెవలప్‌మెంట్‌ను కూడా మూడు చోట్ల ఒకే కోడ్ మీద రిలే లాగా నడపాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బగ్‌లు విడివిడి ముక్కలు, చేతులు మారగలవు. సగం రాసిన కోడ్‌లో రాసినవాళ్ళ ఆలోచన సగం బుర్రలోనే ఉంటుంది. మాడ్యూళ్ళ వారీగా విడగొట్టి, ఒక్కో మాడ్యూల్ ఒక్క చోటే ఉంచాలి.

రిలీజ్ గురించి రెండు మాటలు. వేళను ఎంచుకునేటప్పుడు కస్టమర్లు నిద్రపోయే వేళ ఒక్కటే చూస్తారు, సరిచేసేవాళ్ళు మేలుకునే వేళ చూడరు. మీ కస్టమర్లు షికాగో వైపు ఉన్నారనుకుంటే, మంగళవారమో బుధవారమో లండన్ ఉదయం 9 బాగుంటుంది. చలికాలంలో షికాగోలో అప్పుడు తెల్లవారుజామున 3, సింగపూర్‌లో సాయంత్రం 5. ఆ ఒక్క రోజు సింగపూర్ టీమ్‌ను మూడు గంటలు ఆలస్యంగా రమ్మని, ఆలస్యంగా పంపండి. కోడ్ రాసినవాళ్ళు, టెస్ట్ చేసినవాళ్ళు ఇద్దరూ నాలుగు గంటలు చూస్తుంటారు, కస్టమర్లు లేచేలోపు పరిస్థితి తేలిపోతుంది. వెనక్కి తీసుకునే అధికారం ఆ వేళ డ్యూటీలో ఉన్న మనిషికి రాతపూర్వకంగా ఇవ్వండి. ‘వంద బిల్లుల్లో రెండు తప్పు వస్తే రోల్‌బ్యాక్’ లాంటి గీతను ముందే గీయండి. షికాగోలో పెద్దవాళ్ళను లేపి అడిగేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మళ్ళీ కాల్ సంగతికి వస్తే, మీ మూడు ఊళ్ళకూ కలిసొచ్చే ఆఫీసు వేళ అంటూ లేదు. తక్కువ బాధ కలిగించే వేళ చలికాలంలో 14:00 యూటీసీ: షికాగో పొద్దున 8, లండన్ మధ్యాహ్నం 2, సింగపూర్ రాత్రి 10. రోజూ పెడితే రోజూ రాత్రి పదింటికి కూర్చునేది సింగపూర్ వాళ్ళే. రెండు వారాలకు వాళ్ళు వింటూ ఉంటారు తప్ప మాట్లాడరు, మీకు కావలసిన ప్రశ్నలే రావడం మానేస్తాయి. దశకు రెండుసార్లు చాలు: దశ మొదట్లో ఒకటి, గేటుకు వారం ముందు ఒకటి. వేళను ఎంచేటప్పుడు అందుకునే టీమ్‌కు పగలు పడేలా చూడండి, ప్రశ్నలుండేది వాళ్ళకే కాబట్టి. మార్చి 17 గేటుకు షికాగోను పిలవాల్సిన పనే లేదు. డిజైన్ నుంచి పక్కకు వెళ్ళిన చోట్ల మీద వాళ్ళ ఆమోదం 16 సాయంత్రానికి రాతలో వస్తే చాలు. లండన్ 9, సింగపూర్ సాయంత్రం 5, అరగంటలో ముగించండి.

డైరెక్టర్‌కు మాటలతో కాకుండా రెండు అంకెలతో చెప్పండి. ఒకటి, సంతకానికీ తర్వాతి దశ మొదటి నిజమైన పనికీ మధ్య పోయిన పనిదినాలు. రెండు, గేటు దాటాక హ్యాండోవర్ గురించి వచ్చిన ప్రశ్నలు. మొదటి గేటుకు రెండూ మూడే. రెండో గేటు తర్వాత మార్చి 18 సాయంత్రానికి మీ టెస్టర్లు మొదటి టెస్ట్ కేసు నడపగలిగితే, ప్రశ్నలు ఒకటి మించకపోతే, రోజువారీ కాల్ ప్రస్తావన దానంతటదే పోతుంది. నడపలేకపోతే, ఏ ప్రశ్న వల్ల ఆగారో చూసి, అది 11, 12 తేదీల పరిశీలనలో ఎందుకు బయటపడలేదో కనుక్కోండి. చాలాసార్లు దొరికే కారణం ఒకటే, పరిశీలించాల్సిన ఇద్దరు టెస్టర్లకూ ఆ రెండు రోజులు వేరే పని అప్పగించి ఉంటారు. అందుకే వాళ్ళ పేర్లతో ఆ రెండు రోజులనూ ఇప్పుడే క్యాలెండర్‌లో బ్లాక్ చేయండి.